వట్టి లింకు చాలదు

చి. అమ్మలుకు,



నువ్వు పంపిన రిఫరెన్సులన్నీ చదివాను. జర్నల్ వ్యాసాల వరకు వాంకూవర్ పద్ధతి చక్కగా పాటించావు. వెబ్ పేజీలు, వీడియోలు, సీటీ బొమ్మల దగ్గరికి వచ్చేసరికి వట్టి లింకులు అతికించి వదిలేశావు. థీసిస్ నీ గైడు చేతికి వెళ్లేలోపే వీటిని సరిచెయ్యాలి.

అచ్చయిన సంచిక ఏ లైబ్రరీలో తీసినా అవే పేజీలు. వెబ్ పేజీ అలా కాదు. చిరునామా మారకుండానే లోపలి మాట మారిపోతుంది. ‘ఐసీఎంఆర్ కోవిడ్ మార్గదర్శకాలు, 2021’ అని రాశావే, అవి ఏ నెలవి? ఏప్రిల్ 22 నాటి ప్రతిలో ప్లాస్మా చికిత్సకు, పరిమిత సందర్భాల్లోనే అయినా, చోటుంది. మే 17న దాన్ని తీసేశారు. సెప్టెంబరు సవరణలో ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా పోయాయి. నువ్వు కేస్ షీట్లు తీసిన రోగులు ఏప్రిల్ చివర్లో వార్డులో చేరినవాళ్లు. వాళ్లకు ప్లాస్మా ఎక్కించిన డాక్టర్లు ఆనాటి మార్గదర్శకాలను చూసే ఎక్కించారు. తేదీ లేకపోతే నీ థీసిస్ చదివినవాళ్లు వాళ్లను తప్పు పడతారు. అది ఆ డాక్టర్లకు అన్యాయం తల్లీ.

అందుకే వెబ్ పేజీకి ప్రచురించిన తేదీ, సవరించిన తేదీ, నువ్వు చూసిన తేదీ మూడూ రాయి. అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ల ‘సైటింగ్ మెడిసిన్’ పుస్తకం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వీడియోకీ, వెబ్‌సైటుకీ ఎలా రాయాలో అందులో నమూనాలున్నాయి. సీనియర్ల పాత థీసిస్ చూసి కాపీ కొట్టే బదులు దాన్ని పక్కన పెట్టుకో.

లింకులు చచ్చిపోతాయి కూడా. న్యూ ఇంగ్లండ్ జర్నల్, జామా, సైన్స్ పత్రికల వ్యాసాల్లో ఇచ్చిన ఇంటర్నెట్ రిఫరెన్సులను పరిశీలించి 2003లో ‘సైన్స్’లో ఒక అధ్యయనం వేశారు. వ్యాసం వెలువడిన 27 నెలలకల్లా 13 శాతం తెరుచుకోలేదు. అంత పెద్ద పత్రికల్లోనే ఆ పరిస్థితి! డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే తప్పకుండా అదే ఇవ్వు, పేజీ ఎక్కడికి మారినా అది దారి చూపిస్తుంది. లేకపోతే ఆ పేజీని వేబ్యాక్ మెషీన్‌లో భద్రం చేసి, ఆ లింకు కూడా జతచెయ్యి.

ఇక రోగిని బోర్లా పడుకోబెట్టే ప్రోనింగ్ వీడియో సంగతి. నువ్వు రాసింది దాన్ని తిరిగి పెట్టిన ఛానల్ పేరు. తీసినవాళ్లు వేరు. మూలం వెతికి పట్టుకో. తీసిన సంస్థ, సంవత్సరం, నిడివి రాసి, థీసిస్‌లో అందులోని మాట వాడుకున్నచోట ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అన్నది కూడా చెప్పు. నిమిషం చెప్పకుండా గంట వీడియో చూడమనడం, ఇంటి నంబరు లేకుండా ఊరి పేరు రాసి ఉత్తరం వెయ్యడమే. పాడ్‌కాస్టుకూ ఇంతే, ఎపిసోడ్ పేరు మరిచిపోకు.

సీటీ బొమ్మల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. రేడియోపీడియాలో ప్రతి కేసుకీ ఒక నంబరుంటుంది. ఆ కేసు అందించిన డాక్టరు పేరు, ఆ నంబరు రాయి. అయితే రిఫరెన్సు ఇచ్చినంత మాత్రాన బొమ్మను అచ్చు వేసుకునే హక్కు రాదు. లైసెన్సు చదువు, అవసరమైతే అనుమతి అడుగు. మీ వార్డులోనే ఫోనుతో తీసిన ఫోటోకైతే రోగి రాతపూర్వక అంగీకారం లేనిదే చోటివ్వకు. ఇందులో మాత్రం ఎవరు ఎంత తేలిగ్గా చెప్పినా వినకు.

వాట్సాప్‌లో వచ్చిన స్లైడు ఒకటి జాబితాలో చేర్చావు, దాన్ని తీసెయ్యి. అందులోని అంకె నిజంగా కావాలనుకుంటే దాని మూల వ్యాసం పట్టుకో. చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులైతే ఒక్కొక్కటీ పబ్‌మెడ్‌లో కనిపించేదాకా నమ్మకు.

చివరగా, ఫోనులో దాచుకున్న పీడీఎఫ్‌లన్నింటినీ జర్నల్ సైటులో మరోసారి సరిచూడు. లాన్సెట్‌లో 2020 మే 22న వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ వ్యాసాన్ని జూన్ 4నే ఉపసంహరించారు. ఆ మధ్యలో దింపుకున్న ప్రతి మీద ఉపసంహరణ ముద్ర ఉండదు. నీ జాబితాలో 17వది అదే.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, ప్రోనింగ్ వీడియో మూలం ఇద్దరం కలిసి వెతుకుదాం.

మీ పెద్దమ్మ