ఆపరేషన్ తర్వాత లావయ్యారా? ఇంటి వంట గురించి కొన్ని మాటలు

“ఆపరేషన్ అయినప్పటి నుంచి లావయితున్న సిస్టరమ్మా. పొద్దుగాల తినుడు బంద్ జేసిన. అయినా తగ్గుత లేను.”

మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో ఈ మాట కొత్త కాదు. మీరూ విని ఉంటారు, బహుశా అని కూడా ఉంటారు. అందుచేత ముందు ఆపరేషన్ సంగతి చూద్దాం.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటే లావెక్కుతారన్నది నిజం కాదు. ఆ ఆపరేషన్‌లో అండం గర్భసంచికి చేరే సన్నని గొట్టాలను మాత్రమే మూసివేస్తారు. అండాశయాలు ఎప్పటిలాగే పని చేస్తాయి. ముట్టు ఎప్పటిలాగే వస్తుంది. శరీరంలో హార్మోన్లు మారవు కనుక దాని వల్ల కొవ్వు పేరుకోదు. అయితే ఆ ఆపరేషన్ ఎప్పుడు చేయించుకుంటామో గమనించండి. రెండో కాన్పు అయి ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు పెరిగిన బరువు ఇంకా పూర్తిగా దిగి ఉండదు. “బాలింత, పని చేయకు” అని ఇంట్లో వాళ్లు కొన్నాళ్లు కూర్చోబెడతారు. వయసు ముప్పైకి దగ్గర పడుతుంది. ఇవన్నీ కలిసి చేసిన పనికి నింద ఆపరేషన్ మీద పడుతుంది.

మూడు నెలలకొకసారి వేసే అంతర సూది సంగతి మాత్రం వేరు. అది వాడేవారిలో కొందరికి కొంచెం బరువు పెరగవచ్చు. మీకు అలా అనిపిస్తే చెప్పకుండా మానేయకండి. సిస్టరుతో మాట్లాడండి, వేరే పద్ధతులు ఉన్నాయి.

ఇప్పుడు “పొద్దుగాల తినుడు బంద్ జేసిన” అన్న తల్లి ఇంటికి వెళ్దాం. ఆమె అయిదింటికి లేస్తుంది. భర్తకు కంపెనీలో షిఫ్టు, ఇద్దరు పిల్లలకు బడి, ఆమెకు ఎనిమిదింటికి కంపెనీ బస్సు. అందరికీ సద్ది గిన్నెలు కట్టి, తాను రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్ తాగి బస్సెక్కుతుంది. మధ్యాహ్నం గిన్నె నిండా అన్నం, మూల కొంచెం కూర, ఇంత తొక్కు. సాయంత్రం దిగేసరికి ఆకలి దహించుకుపోతుంది. బస్టాండు దగ్గర నాలుగు మిర్చి బజ్జీలు. రాత్రి వండే ఓపిక లేక వారంలో రెండు మూడు సార్లు ఫ్రైడ్ రైస్ పార్సిలు. పిల్లలు విడిచిపెట్టింది “పారేసుడెందుకు” అని చివర తాను తింటుంది. పొద్దున మానిన తిండి ఈ విధంగా రాత్రికి రెండింతలై వస్తున్నది. ఇందులో ఆమె తప్పేమీ లేదు. రోజు అట్లా ఉన్నది.

మన అమ్మమ్మలు జొన్న గటక, అంబలి, రొట్టె తిని రోజంతా పొలంలోనో, ద్రాక్ష తోటలోనో వంగి పనిచేశారు. ఇప్పుడు చాలామంది పని కంపెనీలో నిలబడో, కూర్చునో. పళ్లెంలో అన్నం మాత్రం నాట్లు వేసేవారికి తగినంత ఉన్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి ముప్పై మంది అధిక బరువుతో ఉన్నట్టు తేలింది. అదే సర్వేలో సగానికి పైగా స్త్రీలలో రక్తం తక్కువగా ఉన్నది. లావుగా ఉన్న మనిషికి రక్తం ఉండకపోవచ్చునన్న మాట. కనుక తిండి మానేయడం మందు కాదు, ఏది ఎంత తింటున్నామో మార్చుకోవడం మందు.

బియ్యం లెక్క

మన హైదరాబాదు తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఒక పళ్లెం లెక్క చెప్పింది. ఎక్కువ కష్టం పని లేని పెద్దవారికి రోజుకు బియ్యం, జొన్న, గోధుమ అన్నీ కలిపి 250 గ్రాములు చాలు. పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరతో సహా 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు, పల్లీల వంటి గింజలు కొన్ని, నూనె 27 గ్రాములు.

దీన్ని మీ రేషను కార్డుతో సరిపోల్చండి. 2025 ఉగాది నుండి మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు. దానికి తోడు యాభై గ్రాముల పిండితో ఒక జొన్న రొట్టె వేసుకుంటే ఆ రోజు ధాన్యం అయిపోయింది. నలుగురున్న ఇంట్లో 24 కిలోలు వచ్చాక ఇంకో పది కిలోలు కొంటున్నారంటే, ఆ పది కిలోలు ఎవరి ఒంట్లోకి పోతున్నాయో ఆలుమగలు కూర్చుని చూసుకోవాలి. (నాట్లు, మేస్త్రీ పని, హమాలీ పని చేసేవారికి ఈ లెక్క సరిపోదు, వారికి ఎక్కువ కావాలి.)

తగ్గించడం కూడా ఒక్కసారి వద్దు. రోజూ కడిగే బియ్యంలో ఒక చాయ్ గ్లాసు తీసి పక్కన పెట్టండి. అదే గ్లాసుతో పెసలో, శనగలో, బొబ్బర్లో రాత్రి నానబెట్టండి. పొద్దున కుక్కరులో ఉడికిస్తే సగం గుగ్గిళ్లకు, సగం కూరలోకి. పొద్దున రొట్టె కాల్చే తీరిక లేకపోతే ఈ గుగ్గిళ్లు, ఒక ఉడికిన గుడ్డు చాలు, బస్సులోనైనా తినవచ్చు. సాయంత్రం బజ్జీల బండి దగ్గర కాలు ఆగదు.

కూరగాయలు 400 గ్రాములంటే నలుగురికి రోజుకు కిలోన్నర పైమాటే. ధర చూస్తే కష్టమని మాకూ తెలుసు. ముందు కిలోకు రండి. అంగడి నాడు సొరకాయ, బీరకాయ, టమాట ఎక్కువ కొనండి. తోటకూర, పాలకూర పాత డబ్బాలో కూడా మొలుస్తాయి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. చాయ్ మాత్రం అన్నం తిన్న గంట తర్వాతే తాగండి.

నూనె ప్యాకెట్‌తో నేరుగా మూకుట్లో పోస్తే కొలత తెలియదు. చెంచాతో పోయండి. నలుగురికి నెలకు మూడు లీటర్లు దాటకుండా చూసుకోండి. శామీర్‌పేట రోడ్డు మీద బిర్యానీ వాసనకు ఎవరి నోరైనా ఊరుతుంది. పండుగకో, పుట్టినరోజుకో తినండి, పర్వాలేదు. కాని వండే ఓపిక లేనినాటికి అది వంట కాకూడదు. అటువంటి రాత్రికి పెసరపప్పు, బియ్యం, ఉన్న కూరగాయ అన్నీ ఒకే కుక్కరులో వేస్తే అరగంటలో కిచిడి అవుతుంది.

ఇంట్లో ఒప్పించడం

అసలు చిక్కు ఇక్కడ. ఆమెకొక వంట, ఇంట్లో వాళ్లకొక వంట అంటే నాలుగు రోజులు కూడా సాగదు. ఒకటే వంట కావాలి. భర్త అంటాడు: “నాకెందుకే గీ కొంచెం బువ్వ? నేనేమన్న లావున్ననా?” దర్జీ టేపు తీసి బొడ్డు దగ్గర కొలవండి. మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై అయిదున్నర ఇంచులు దాటితే, ఆడవారికి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర ఇంచులు దాటితే షుగరు, గుండె జబ్బుల భయం ఉంటుంది. సన్నగా కనబడే మనిషికి కూడా పొట్ట ముప్పై ఎనిమిది ఇంచులు రావచ్చు. అయ్యలారా, ఈ కరపత్రం మీకు కూడా. రాత్రి ఆకుకూర ఏరడం, శనగలు నానబెట్టడం మీ చేతులతోనూ అవుతుంది.

అత్తమ్మ అంటుంది: “పోరగాళ్ల కడుపు మాడుస్తవా?” లేదు. పిల్లలకు అన్నం తగ్గించకూడదు. వాళ్లు అడిగినంత పెట్టండి, దానికి గుడ్డు, పాలు, పప్పు కలపండి. బిస్కెట్లు, కుర్‌కురే, కూల్‌డ్రింకులు కొనడం మానండి. వాళ్లకు మొదట కొంచెమే వడ్డించండి, చాలకపోతే మళ్లీ అడుగుతారు. అప్పుడు పళ్లెంలో మిగలదు, తల్లి తినవలసిన పని ఉండదు.

గర్భిణీలు బరువు తగ్గే ప్రయత్నం అసలు చేయకూడదు. పాలిచ్చే తల్లులకు మామూలు కంటే ఎక్కువ తిండి కావాలి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా తిండి తగ్గిస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. తిండి మార్చినా బరువు పెరుగుతూనే ఉంటే థైరాయిడ్ పరీక్ష అవసరం కావచ్చు. సన్నబడే పొడి, సన్నబడే చాయ్ అని అమ్మేవాటికి డబ్బు పెట్టకండి.

ముప్పై ఏళ్లు దాటిన ఆలుమగలు ఇద్దరూ పల్లె దవాఖానలో బి.పి., షుగరు చూపించుకోండి. ఈ పరీక్షలకు రుసుము లేదు. పదిహేను రోజులకొకసారి అదే తూకం మీద బరువు చూసుకుని, తేదీ వేసి ఈ కరపత్రం వెనుక రాయించుకోండి. నెలకు కిలో నుంచి రెండు కిలోలు దిగితే సరిపోతుంది.