లారీ డ్రైవర్ ఫోన్‌లో ఉండాల్సిన యాప్స్ ఇవే.. సెట్ చేసే పద్ధతితో సహా

కొత్త ఫోన్ వస్తే మనం ముందు కెమెరా చూస్తాం, తర్వాత గేమింగ్ చూస్తాం. కానీ నెలలో ఇరవై రోజులు హైవే మీదే ఉండే లారీ డ్రైవర్‌కి ఫోన్ అంటే ఆఫీసు, బ్యాంకు, కాగితాల పెట్టె, ఇంటికి దారి.. అన్నీ అదే. మా బాబాయి ఏళ్ల తరబడి విజయవాడ ఆటోనగర్ నుంచి కోల్‌కతా లైన్‌లో బండి తోలుతున్నారు. ఆయన ఫోన్, ఆయన స్నేహితుల ఫోన్లు సెట్ చేసేది నేనే. ఏ యాప్ రోడ్డు మీద నిజంగా పనికొస్తుందో అలా చూస్తూ చూస్తూ తెలిసింది. మీ ఇంట్లో, మీ వీధిలో లారీ నడిపేవాళ్లు ఉంటే ఈ పాఠం వాళ్ల కోసమే. ఓ అరగంట కూర్చుని మీరే సెట్ చేసి ఇవ్వండి.

1. కాగితాలు: డిజీలాకర్, ఎంపరివాహన్

ఆర్‌సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్ సర్టిఫికెట్.. వీటిని ఎలక్ట్రానిక్ రూపంలో చూపించినా చెల్లుతుందని 2018లోనే కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మార్చారు. ఇక్కడే చాలామంది ఒక తేడా గమనించరు. గ్యాలరీలో ఉన్న ఆర్‌సీ ఫొటో చెల్లదు. డిజీలాకర్‌లో మనమే స్కాన్ చేసి అప్‌లోడ్ చేసుకున్న కాపీ కూడా చెల్లదు. "ఇష్యూడ్ డాక్యుమెంట్స్" విభాగంలోకి ప్రభుత్వ డేటాబేస్ నుంచి నేరుగా వచ్చినదే ఒరిజినల్‌తో సమానం. కాబట్టి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి ఆపకముందే, ఇంట్లో ఉన్నప్పుడే వాటిని తెప్పించి పెట్టండి.

ఎంపరివాహన్‌లో బండి నంబర్ కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ గడువు తేదీలు కనిపిస్తాయి. ఎనిమిదేళ్లు నిండని లారీకి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ తేదీలన్నీ ఫోన్ క్యాలెండర్‌లో వేసి, పదిహేను రోజుల ముందే గుర్తుచేసేలా రిమైండర్ పెట్టండి. వివరాలు పూర్తిగా రాని బండి అయితే అసలు కాగితాలు క్యాబిన్‌లో ఉండాల్సిందే.

2. దారి: గూగుల్ మ్యాప్స్, మ్యాపుల్స్

గూగుల్ మ్యాప్స్‌లో కారు, బైక్ మోడ్‌లు ఉన్నాయి కానీ లారీ మోడ్ లేదు. అంటే మన బండి ఎత్తెంత, బరువెంత అన్నది దానికి తెలియదు. అరగంట కలిసొస్తుందని ఊళ్ల మీదుగా అడ్డదారి చూపిస్తుంది. తీరా పోతే రైల్వే అండర్‌బ్రిడ్జి ముందు ఎత్తు ఆపే ఇనుప కమ్మీ! లోడు బండిని అక్కడ రివర్స్ తీయడం ఎంత నరకమో డ్రైవర్‌ని అడగండి, చెప్తారు. సిటీలోకి హెవీ వెహికల్స్‌కి పగలు నో ఎంట్రీ ఉన్నా మ్యాప్ చెప్పదు. అందుకే నేను చెప్పే రూల్ ఒక్కటే: నేషనల్ హైవే వదిలి తిరగమంటే, ఆ దారిలో లారీలు పోతాయా అని బంకులోనో డాబాలోనో అడిగాకే తిప్పాలి.

సెట్టింగ్స్‌లో మూడు పనులు చేయండి. వెళ్లే రూటు మొత్తానికి ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేయండి. నావిగేషన్ వాయిస్ తెలుగుకి మార్చండి. మ్యాప్ చూపించే టైమ్ కారుది కాబట్టి, లోడు బండికి దానికి ఒకటిన్నర రెట్లు వేసుకోమని చెప్పండి. ఇది నా అంచనా లెక్క, రూటును బట్టి మారుతుంది. మ్యాపుల్స్ మన దేశంలో తయారైన యాప్. స్పీడ్ బ్రేకర్లు, ప్రమాదకరమైన మలుపులు ముందే హెచ్చరిస్తుంది, జంక్షన్ ఎలా ఉంటుందో బొమ్మలో చూపిస్తుంది. కొత్త రూటుకి ఇది బాగుంది.

3. టోల్: ఫాస్టాగ్, రాజ్‌మార్గ్‌యాత్ర

2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. ట్యాగ్ చెల్లకపోతే క్యాష్‌లో రెండింతలు కట్టాలని అప్పుడు రూల్ పెట్టారు. 2025 నవంబర్ 15 నుంచి అదే టోల్‌ని యూపీఐలో కడితే ఒకటింపావు రెట్లే. లారీ టోల్‌కి ఈ తేడా చిన్నదేం కాదు. అందుకే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్‌లో లో బ్యాలెన్స్ అలర్ట్ ఆన్ చేసి పెట్టండి.

ఇంకో మాట. ఫాస్టాగ్ వార్షిక పాస్ గురించి విని చాలామంది లారీకి కూడా తీసుకుందామని అడుగుతున్నారు. అది సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే. లారీలకి లేదు. ఎవరైనా ఇప్పిస్తామంటే మోసమే. రాజ్‌మార్గ్‌యాత్ర అనే జాతీయ రహదారుల సంస్థ యాప్‌లో మాత్రం టోల్ ప్లాజాల వివరాలు చూడొచ్చు, రోడ్డు సమస్యల మీద ఫొటోతో ఫిర్యాదు పెట్టొచ్చు.

4. ఈ-వే బిల్లు గడువు: దీనికి మామూలు అలారం చాలు

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే సాధారణంగా ఈ-వే బిల్లు ఉండాలి. మామూలు సరుకుకి ప్రతి 200 కిలోమీటర్లకి ఒక రోజు గడువు. అంటే 1,200 కిలోమీటర్లకి ఆరు రోజులు. దారిలో బండి చెడిపోయి గడువు దాటితే సరుకుతో సహా బండిని ఆపేస్తారు. జరిమానా పన్నుకి రెండింతల దాకా పోతుంది. గడువు పొడిగించుకోవడానికి ముగిసే టైమ్‌కి ముందు 8 గంటలు, తర్వాత 8 గంటలే అవకాశం. కాబట్టి లోడు ఎక్కగానే బిల్లు ఫొటో తీసి, గడువుకి పది గంటల ముందు అలారం పెట్టాలి. అది మోగినప్పుడు ఇంకా సగం దారిలోనే ఉంటే వెంటనే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి ఫోన్ చేయాలి. ఎక్కించిన సరుకుని వేరే బండిలోకి మారిస్తే ఆ నంబర్ కూడా బిల్లులో అప్‌డేట్ చేయించాలి.

5. డీజిల్ లెక్క: ఫ్యూలియో

ట్యాంకు ఫుల్ నుంచి మళ్లీ ఫుల్ దాకా ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లు.. ఇది రాస్తే మైలేజీ దానంతటదే వస్తుంది. 1,200 కిలోమీటర్లకి 300 లీటర్లు తాగితే లీటరుకి 4. అదే 3.5కి పడిపోతే 43 లీటర్లు ఎక్కువ. లీటరు 95 రూపాయలు వేసుకున్నా ఒక్క ట్రిప్పుకి 4 వేలు దాటుతుంది. టైర్లలో గాలి తక్కువా, ఫిల్టర్ మూసుకుపోయిందా, బంకులో తేడానా అని ఆరా తీయడానికి ఈ లెక్క ఉండాలి. ఓనర్ అనుమానపడితే చూపించడానికి కూడా!

6. రిటర్న్ లోడు: బ్లాక్‌బక్, వాహక్ లాంటివి

ఖాళీ బండితో తిరిగి రావడమంటే వచ్చిన కిరాయి డీజిల్‌లో పోసినట్టే. ఇలాంటి యాప్స్‌లో దగ్గర్లోని లోడ్లు కనిపిస్తాయి, బేరం మనమే ఆడుకోవచ్చు. ఏ యాప్ అయినా ఒకటే జాగ్రత్త: లోడు ఇప్పిస్తామని ముందే మన దగ్గర డబ్బు అడిగేవాళ్లకి రూపాయి కూడా పంపొద్దు. సరుకు, చిరునామా, అడ్వాన్స్, అన్‌లోడింగ్ కూలి ఎవరిది.. ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోవాలి.

ఫోన్ ఖాళీ చేసే చలాన్

"మీ బండికి చలాన్ పడింది" అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తుంది. పేరు, లోగో అచ్చం ఎంపరివాహన్‌లాగే ఉంటాయి. ఇన్‌స్టాల్ చేస్తే ఎస్ఎంఎస్ పర్మిషన్ అడిగి ఓటీపీలు లాగేస్తుంది. చలాన్లు నిజంగానే పడే లారీ వాళ్లే దీనికి తేలిగ్గా దొరికిపోతారు. సెట్టింగ్స్‌లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" తెరిచి వాట్సాప్, బ్రౌజర్లకి ఆఫ్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఖర్చులకి యూపీఐ లైట్ పెట్టి, టీ టిఫిన్ల వరకు అదే వాడమనండి.

ఛార్జర్, స్టాండ్

పెద్ద లారీల్లో ఎక్కువగా 24 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. 12 వోల్టులకే చేసిన చౌక కార్ ఛార్జర్ పెడితే కాలిపోతుంది. డబ్బా మీద "12–24 వోల్టులు" అని ఉందో లేదో చూసి కొనండి. స్టాండ్ ఎండ నేరుగా పడని చోట పెట్టండి, ఫోన్ వేడెక్కితే ఛార్జింగ్ ఆగిపోతుంది. రెండు సిమ్‌లు వేర్వేరు కంపెనీలవి అయితే సిగ్నల్ బాధ తగ్గుతుంది. బండి నడుస్తుండగా ఫోన్‌ని దారి చూసుకోవడానికే, అదీ ధ్యాస చెదరకుండా వాడాలని రూల్. రీల్స్‌కి కాదు.

చివరిగా అసలు విషయం

1033 (జాతీయ రహదారి హెల్ప్‌లైన్), 112, ఓనర్, ఇల్లు.. ఈ నాలుగూ హోమ్ స్క్రీన్ మీద పెట్టండి. బ్లడ్ గ్రూప్, ఇంటి నంబర్ లాక్ స్క్రీన్ ఎమర్జెన్సీ సమాచారంలో ఎక్కించండి. వాట్సాప్ లైవ్ లొకేషన్ గరిష్ఠంగా 8 గంటలే. ఇంట్లోవాళ్లకి ఎప్పుడూ కనిపించాలంటే గూగుల్ మ్యాప్స్ షేరింగ్ మేలు. అయితే అది డ్రైవర్ ఇష్టంతోనే ఆన్ చేయాలి. ఆయన ఫోన్ ఆయనది.

నిద్రకి మాత్రం యాప్ లేదు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటల పని, 5 గంటలకి మించకుండా నడిపాక కనీసం అరగంట విశ్రాంతి అనేది. దూరప్రాంతాల బళ్లకి కొంత సడలింపు ఉండేది కానీ, విశ్రాంతే వద్దని ఏ చట్టమూ అనదు. లొకేషన్ చూసి "ఇంకా అక్కడే ఉన్నావేంటి" అని ఫోన్ చేసే ఓనర్ కొడుకు మన పాఠకుల్లో ఉంటే, ఒక్కసారి ఆలోచించండి. ఆ చుక్క కదలడం లేదంటే మనిషి పడుకుని ఉండొచ్చు. పడుకోనివ్వండి. లోడు ఓ గంట ఆలస్యంగా చేరినా ఫర్వాలేదు, బండీ మనిషీ క్షేమంగా రావాలి.