జాంబీల కళాశాల: అంతర్జాలమున తొలినాటి కదలు బొమ్మలు

కంప్యూటరు పాఠము చెప్పుచుండగా ఒకనాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు లేచి, "మాస్టారూ, టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్టు వచ్చే రోజుల్లో కార్టూన్లు ఎట్లా చూసేవారండీ?" అని యడిగెను. వానికి చెప్పిన సమాధానమునే తల్లిదండ్రుల కొఱకు కొంత పెంచి వ్రాయుచున్నాను.

2000వ సంవత్సరమున అమెరికాలో ఐస్‌బాక్స్ అను అంతర్జాల సంస్థ ప్రేక్షకుల యెదుటికి వచ్చెను. టెలివిజనుకు హాస్యరచనలు చేయువారు కొందఱు కలిసి దానిని స్థాపించిరి. పైవారి అనుమతికై వేచియుండక తమ కథలను తామే చూపవలయునని వారి కోరిక. అందు వెలువడిన ధారావాహికలలో 'జాంబీ కాలేజి' యొకటి. రచయిత ఎరిక్ కాప్లన్. ఇతడు తరువాత 'ది బిగ్ బ్యాంగ్ థియరీ' రచయితలలో నొకడయ్యెను. ప్రియురాలిని విడిచియుండలేక ఆమె చేరిన కళాశాలలోనే చేరిన యువకుడొకడు, అచటివారిలో పలువురు చచ్చి లేచినవారని తెలిసికొనును. ఇదియే కథ.

జాంబీ మన బేతాళుని వంటిది కాదు. బేతాళుడు శవము నాశ్రయించినను కథ చెప్పును, చిక్కుప్రశ్న వేయును. జాంబీకి బుద్ధియే లేదు. హైతీ దేశపు జానపద విశ్వాసములలో పుట్టి, 1968లో జార్జి రొమెరో తీసిన చలనచిత్రము తరువాత, నరమాంసమునకై తూలుచు నడచు శవముగా అది లోకమున స్థిరపడినది. అట్టిదానిని తరగతిలో కూర్చుండబెట్టుటయే హాస్యము. నిద్రకన్నులతో ఉదయపు పాఠమునకు వచ్చు విద్యార్థులను చూచిన మాకు దీనిని వేఱుగ వివరింప నక్కఱలేదు!

ఇచట నొక మాట. బొమ్మలు కదలినంత మాత్రమున అది బాలుర కొఱకని తలంపరాదు. ఐస్‌బాక్స్ చిత్రములు పెద్దలకై చేసినవి. మోటు పరిహాసము వానిలో విస్తారము. పిల్లలు క్రొత్త బొమ్మల చిత్రము చూడబోవునపుడు మొదటి కొన్ని నిమిషములైన తల్లియో తండ్రియో ప్రక్కన కూర్చుండవలెను.

ఇక బాలుని ప్రశ్న. నాటి మోడెము సెకనునకు హెచ్చుగా 56 వేల బిట్లను, అనగా 7 వేల బైట్లను తేగలదు. అడ్డముగా 640, నిలువుగా 480 చుక్కలు గల బొమ్మలో 3,07,200 చుక్కలుండును. చుక్కకొక బైటు చొప్పున, కుదింపక పంపినచో, ఆ యొక్క బొమ్మ చేరుటకే 44 సెకనులు పట్టును. కదలిక తోచుటకు సెకనునకు పండ్రెండు బొమ్మలైన కావలెను. ఇది పొసగునా?

ఉపాయము మన ముగ్గులోనే యున్నది. పొరుగూరి వదినగారికి ముగ్గు నేర్పదలచిన యిల్లాలు వాకిలిని పెకలించి పంపదు. "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చువఱకు" అని చీటి వ్రాసి పంపును. ముగ్గు అక్కడ తయారగును. 1996లో జోనథన్ గే ప్రభృతులు చేసిన ఫ్యూచర్‌స్ప్లాష్ అను ప్రోగ్రాము ఈ త్రోవనే నడచెను. మాక్రోమీడియా సంస్థ దానిని కొని 'ఫ్లాష్' అని పేరిడెను. ఇందు తీగపై వచ్చునది చుక్కలు కాదు, రేఖలను గూర్చిన ఆజ్ఞలు. తల నొకమారు గీసి, చేయి నొకమారు గీసి, తోలుబొమ్మ భాగములవలె దాచుకొని మరల మరల వాడుదురు. చేయి ఎచట బయలుదేరి ఎచట ఆగునో చెప్పినచో నడిమి స్థానములను చూచువాని కంప్యూటరే లెక్కకట్టును. మొదటి భాగము ఆడుచుండగనే తరువాతి భాగము దిగుచుండును.

ఈ పద్ధతిలో నడక కొంత బిగుసుకొని యుండుట కద్దు. చచ్చి లేచినవాడు బిగుసుకొని నడచినచో తప్పు పట్టువారెవరు? కాప్లన్ ఈ యూహతోనే కథ నెన్నుకొనెనని చెప్పజాలను గాని, వస్తువు పనిముట్టునకు చక్కగా నతికినదని నా యభిప్రాయము.

ప్రేక్షకులు రుసుము చెల్లింప నక్కఱలేకుండెను. ప్రకటనల రాబడి చాలదయ్యెను. 2000లో అంతర్జాల సంస్థల వాటాల ధరలు కూలగా పెట్టుబడి యెండిపోయి, 2001 ఫిబ్రవరిలో ఐస్‌బాక్స్ మూతపడెను. పిదప ఫ్లాష్ వంతు వచ్చెను. 2005లో అడోబీ సంస్థ మాక్రోమీడియాను కొనెను. 2007లో వచ్చిన ఐఫోను ఫ్లాష్‌నకు చోటీయలేదు. 2020 డిసెంబరు 31తో అడోబీ దాని పోషణను విరమించెను. 2021 జనవరి 12 నుండి ఆ ప్రోగ్రాము బొమ్మలను ఆడించుటయే మానెను. ఫైళ్ళు చెడలేదు. తాటాకు చెక్కుచెదరలేదు, చదువు కన్ను పోయినది.

ఆ కన్నును తిరిగి తెచ్చుటకు స్వచ్ఛంద సేవకులు 'రఫుల్' అను ప్రోగ్రామును వ్రాయుచున్నారు. పాత ఆజ్ఞలను నేటి కంప్యూటరునకు తెలియునట్లు అది నెరవేర్చును. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారు 2020 నవంబరు నుండి దాని సాయముతో పాత ఫ్లాష్ కృతులను ఆడించుచున్నారు. అయినను ఫైలు నెవరో యొకరు దాచియుండవలెను గదా.

మా కంప్యూటరు గదిలోని పాత యంత్రములలో పూర్వ విద్యార్థులు చేసిన ఫ్లాష్ బొమ్మలు కొన్ని కలవు. మీ పెద్ద పిల్లలు చేసినవి మీ యిండ్లలోను ఉండవచ్చును. ఫైలు పేరు చివర ఎస్.డబ్ల్యు.ఎఫ్. అను మూడక్షరములుండును. పారవేయకుడు. పాఠశాలకు తెండు, తెఱచి చూతము.