మంచం కింద ఇద్దరు

మా హన్మకొండ నాటక సమాజం పిల్లలు ఈసారి చెంపదెబ్బలు, జారిపడటాలు, దాగుడుమూతలతో ప్రహసనం వేస్తామని పట్టుబట్టారు. మంచిదే. ప్రేక్షకుణ్ణి ఏడిపిస్తేనే పరిషత్తు నాటక పోటీల్లో బహుమతి వస్తుందనే భ్రమ మనవాళ్లకు ఎప్పట్నుంచో ఉంది. స్టేజీ మీదా, వింగుల్లోనూ నేర్చుకున్నవి వాళ్ల కోసం రాసిస్తున్నా.

1. కొత్త స్క్రిప్టు పట్టేముందు ‘కన్యాశుల్కం’ మొదటి అంకంలోని మంచం సీను ఆడి చూడండి. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన నాటకమది. మధురవాణి మంచం కింద రామప్పంతులు ముందే దూరి ఉంటాడు. పూటకూళ్లమ్మకు జడిసి గిరీశమూ అక్కడికే చేరతాడు. ఆవిడ చీపురు దెబ్బ పంతులుకు తగులుతుంది. వాళ్లిద్దరి భయం నిజమైతేనే జనం నవ్వుతారు. ‘ఎంత తమాషాగా చేస్తున్నానో’ అన్న ధీమా నటుడి మొహంలో కనబడిందా, సీను పోయినట్టే. ఇంకో మాట, మామూలు మంచం ఎత్తు చాలదు, వెనక వరుసలకు మొహాలు కనబడవు. కోళ్ల కింద చెక్కదిమ్మెలు పెట్టండి, దుప్పటి అంచు పైకి మడవండి.

2. దెబ్బ బాధ్యత కొట్టేవాడిది కాదు, తినేవాడిది. చెంపదెబ్బలో చెయ్యి ముఖానికి జానెడు దూరంలోంచి పోవాలి. జనానికి సగం వీపు తిప్పి నిలబడ్డ బాధితుడే రొమ్ము దగ్గర చప్పట్లు చరిచి, అదే క్షణంలో తల విదిల్చాలి. చప్పుడు, తల, కేక ఒక్కసారే రావాలి. చీపురైతే పుల్లలది వద్దు, కళ్లకు ప్రమాదం. మెత్తటి కొండచీపురుతో మంచంపట్టెను కొట్టండి. పడేటప్పుడు అరచేతుల మీదా, మోకాళ్ల మీదా బరువు వెయ్యొద్దు. వంగి, తొడ పక్కభాగం ఆన్చి, దొర్లాలి. గడ్డం ఛాతీకి ఆనుకునే ఉండాలి. ముందు నెమ్మదిగా, తర్వాతే వేగం.

3. రిహార్సల్‌లో తోటివాళ్లు నవ్వారని నమ్మొద్దు.

4. రికార్డు చేసిన ‘ధడేల్’ చప్పుడు అరక్షణమైనా ఆలస్యంగా వస్తుంది. హాలీవుడ్ సినిమాల ధ్వనులను గొంతులోనే పలికించిన నేరెళ్ల వేణుమాధవ్ పుట్టింది మన ఓరుగల్లులోనే. మిమిక్రీ తెలిసిన కుర్రాణ్ణి వింగులో మైకు దగ్గర కూర్చోబెట్టండి. నటుడి కాలు జారడం చూసి పలికిస్తాడు.

5. నవ్వు తగ్గుముఖం పట్టాక, పూర్తిగా ఆగకముందే తర్వాతి మాట అందుకోవాలి. 2024లో తెరుచుకున్న కాళోజీ కళాక్షేత్రం లాంటి పెద్ద హాల్లో ముందు వరుస నవ్వాక గానీ వెనక వరుస అందుకోదు. తొందరపడితే మంచి డైలాగు ఆ నవ్వులోనే మునిగిపోతుంది.

6. తెలంగాణ యాసను నౌకరుకో, రౌడీకో అంటగట్టి నవ్వించడం సినిమాలవాళ్లు ఏళ్ల తరబడి చేసిన పని. మన ఓరుగల్లు స్టేజీ మీద అది వద్దు. అందరూ మన మాటే మాట్లాడే నాటికలో యజమానీ, ప్లీడరూ కూడా ఆ యాసలోనే పడి లేవనివ్వండి. ఒక్క నౌకరుకే యాస పెట్టిన స్క్రిప్టు చేతికొస్తే, ఆ డైలాగులు కొట్టేశాకే రిహార్సల్ మొదలుపెట్టండి.