ఏ.సి. యంత్రములో జ్ఞాపకపు చిప్ చెడినప్పుడు

నడివేసవిలో ఇంటి ఏ.సి. యంత్రము హఠాత్తుగా నిలిచిపోయి, దాని ముఖమున 'ఈ' అను ఆంగ్లాక్షరమును, ప్రక్కన ఒక అంకెను చూపినచో గృహస్థునకు తోచునవి రెండే సంగతులు. గ్యాసు పోయినదనియో, కంప్రెసరు కాలినదనియో అతడు తలంచును. పిలువగా వచ్చిన మెకానిక్కు తొందరలో నున్నవాడైనచో అతడును ఆ రెండింటిలో ఒకదానినే చెప్పును. ఒకప్పుడు పట్టణములందలి ఆఫీసులకును సినిమాహాళ్లకును పరిమితమైన యీ యంత్రము నేడు పల్లెలలోను కానవచ్చుచున్నది. పంట అమ్మిన సొమ్ముతో కొన్నవారు కలరు. ఇంట ముసలివారున్నారని వాయిదాల పద్ధతిపై కొన్నవారును కలరు. అట్టివారు గోరంత వస్తువు చెడినందుకు వేలకొలది రూపాయలు అనవసరముగ ముట్టజెప్పకుండుటకై యీ పాఠమును వ్రాయుచున్నాము.

యంత్రమును నడిపించు బోర్డుపై ఎనిమిది కాళ్లుగల చిన్న నల్లని చిప్ ఒకటి యుండును. దానిని ఈఈప్రామ్ అందురు. కరెంటు పోయినను తనలో వ్రాసియున్న సంగతులను మరువకుండుట దాని గుణము. చుట్టును విద్యుత్తు ప్రవహింపని పొర గల సూక్ష్మమైన అరలలో విద్యుత్కణములను బంధించి యుంచుటయే ఆ జ్ఞాపకమునకు మూలము. ఇట్టి అరను 1967 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో దావన్ కాంగ్, సైమన్ జీ అనువారు రూపొందించిరి. 1971 లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ తయారుచేసిన చిప్పును చెరిపివేయుటకు అతినీలలోహిత కాంతి కావలసి యుండెను. పిదప వచ్చిన ఈఈప్రామ్‌ను విద్యుత్తుతోనే చెరిపి మరల వ్రాయవచ్చును. చిన్న రకములలో 256 బైట్లు మాత్రమే పట్టును. తెలుగున ఒకటి రెండు వాక్యములు వ్రాసినచో నిండిపోవును. కాని ఆ కొద్దిపాటి తావులోనే ఫ్యాను ఎంత వేగమున తిరుగవలెను, యంత్రము ఎన్ని టన్నులది, కంప్రెసరు ఎంత కరెంటు తీసికొనవచ్చును మొదలగు లెక్కలన్నియు నుండును.

1984 లో గ్రామాధికారుల పదవులు రద్దగువరకు మన పల్లెలలో కరణముగారి లెక్కల పుస్తకమునకు గల స్థానము పెద్దలకు తెలిసినదే. ఊరిలో ఏ చేను ఎవరిదో మునసబుగారికి నోటికి రాకపోవచ్చును. పుస్తకము విప్పిన తరువాతనే శిస్తు వసూలునకు బయలుదేరెడివారు. ఏ.సి. బోర్డుపై నున్న ప్రధానమైన చిప్ కూడ అట్లే చేయును. కరెంటు రాగానే అది జ్ఞాపకపు చిప్పును విప్పి చదువును. అందలి అంకెలను కూడి, చివర వ్రాసియున్న మొత్తముతో సరిచూచును. మొత్తము కుదరకపోయినను, జ్ఞాపకపు చిప్ అసలు బదులు పలుకకపోయినను యంత్రమును కదలనీయదు. హద్దులు తెలియని కంప్రెసరును నడిపి కాల్చుట కంటె నిలిపివేయుటయే మేలని దానిని చేసినవారి ఉద్దేశము.

దీనినిబట్టి గ్యాసు సంగతి తేలికగా తేల్చుకొనవచ్చును. గ్యాసు తగ్గిన యంత్రము నడచుచునే యుండును గాని గది చల్లబడదు. ఒక్కొక్కప్పుడు గొట్టముపై మంచు కట్టును. జ్ఞాపకము చెడిన యంత్రము చాల మారులు కంప్రెసరు కదలకముందే తప్పు చూపి ఊరకుండును. ఇట్టి యంత్రమునకు గ్యాసు నింపుట తలనొప్పికి కాలికి కట్టు కట్టుట వంటిది.

ఐతే తెరపై కానవచ్చు గుర్తు ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క విధముగ నుండును. ఒకరి యంత్రములో జ్ఞాపకపు లోపమును తెలుపు అంకె వేరొకరి యంత్రములో గాలి వేడిమిని కొలుచు సెన్సారు చెడినదని తెలుపవచ్చును. కావున పొరుగువారి మాట వినక, తమ నమూనాకు చెందిన పుస్తకమునే చూడవలెను. గుర్తును సెల్‌ఫోనుతో ఫొటో తీసి యుంచుకొనుట మంచిది. కొన్ని యంత్రములు అంకె చూపక దీపమును వెలిగించి ఆర్పుచుండును. ఎన్నిమారులు వెలిగినదో లెక్కించవలెను. ఇన్వర్టరు రకములో సాధారణముగ లోపలి పెట్టెయందును బయటి పెట్టెయందును వేరువేరు జ్ఞాపకపు చిప్పులుండును. గుర్తు ఏ పెట్టెకు చెందినదో తెలియకయే బోర్డు కొనరాదు.

గృహస్థు స్వయముగ చేయదగిన పని ఒక్కటి కలదు. రిమోటుతో ఆపినంతమాత్రమున బోర్డునకు కరెంటు ఆగదు. ఏ.సి.కి సంబంధించిన ఎం.సి.బి. స్విచ్చిని దించి, పది నిమిషములు ఆగి, మరల వేయవలెను. కరెంటు ఒడిదుడుకులవలన ఒక్కమారు చదువు తప్పినదైనచో యంత్రము మామూలుగ నడచును. వెంటనే అదే గుర్తు తిరిగి వచ్చినచో ఇక ఆపివేయవలెను. స్విచ్చిని పదే పదే వేసి తీయుచుండిన మేలు కలుగదు.

ఈ చిప్ ఏల చెడునన్న ప్రశ్నకు చాలమంది అరిగిపోవుటచే నందురు. మాకు అది అంతగా సమ్మతము కాదు. ఇట్టి చిప్పులలో పెక్కింటిపై పది లక్షల మార్లు వ్రాయవచ్చునని తయారీదారులు తెలుపుదురు. రోజునకు 50 మార్లు వ్రాసినను 20,000 దినములు, అనగా 54 ఏండ్లకు పైగా పట్టును. ముందుగ అనుమానింపదగినవి వేరు. ఒక్కమారు వ్రాయుటకు సెకనులో రెండువందలవ వంతు వరకు కాలము పట్టును. సరిగ్గ ఆ క్షణమున కరెంటు పోయినచో ఆ వ్రాత సగములో నిలిచి, మొత్తము తప్పును. సాయంకాలమున వోల్టేజి పడిపోవు ఊళ్లలోను, ఉరుములు మెరుపులతో కరెంటు వచ్చుచు పోవుచుండు దినములలోను ఇట్టి ప్రమాదము హెచ్చు. సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలికి రాగి తీగెలపై పచ్చని చిలుము పట్టును. చీమలు, బల్లులు బయటి పెట్టెలోని వెచ్చదనమునకు చేరి బోర్డుపై చచ్చిపడుటయు కలదు. టంకము పగిలి చిప్ కాలు వదులగుట మరియొక కారణము.

ఈ పరీక్షలు మెకానిక్కు చేయవలసినవి. పెట్టెను గృహస్థు విప్పరాదు. దీనిని గట్టిగ చెప్పుచున్నాము. బయటి పెట్టెలోని ఇన్వర్టరు బోర్డుపై గల పెద్ద కెపాసిటర్లలో సుమారు 325 వోల్టుల విద్యుత్తు నిలువయుండును. స్విచ్చి తీసిన తరువాతను అది కొంతసేపు ప్రాణములు తీయగలిగి యుండును. మెకానిక్కుయైనను ఆగి, మీటరుతో కొలిచి చూచిన పిదపనే చేయి పెట్టవలెను. జ్ఞాపకపు చిప్పునకు అందవలసిన 5 లేక 3.3 వోల్టులు అందుచున్నవో లేదో అతడు మొదట చూడవలెను. అవి అందనిచో దోషము చిప్పుది కాదు, దానికి విద్యుత్తు నిచ్చు భాగముది. చిప్ సాకెట్టులో గ్రుచ్చినదైనచో తీసి, కాళ్లు తుడిచి, గాటు గుర్తు సరియైన వైపున నుండునట్లు మరల గ్రుచ్చవలెను. కొన్ని యంత్రములు ఇంతమాత్రముననే బాగుపడును.

బోర్డు మార్చక తప్పనిచో అసలు చిక్కు అక్కడనే యున్నది. క్రొత్త బోర్డులు కొన్ని ఆ నమూనా లెక్కలతోనే వచ్చును. కొన్నిటికి పాత బోర్డునుండి చిప్పును తీసి అమర్చవలసి యుండును. చెడినది ఆ పాత చిప్పే యైనచో రోగమును క్రొత్త బోర్డునకు అంటించినట్లగును. సొమ్ము చెల్లించిన మరునాడే అదే గుర్తు కానవచ్చును. అట్టి సందర్భమున ఆ నమూనా లెక్కలు వ్రాసిన చిప్పునే తెప్పించవలెను. ఒక టన్ను యంత్రపు లెక్కలను ఒకటిన్నర టన్ను యంత్రమునకు పెట్టినచో అది ఒక్కొక్కప్పుడు నడచును గూడ. నడచుటయే మోసము, ఏలయన ఆ తప్పుడు హద్దులతో కంప్రెసరు చెడవచ్చును. లోపలి పెట్టె, బయటి పెట్టె మీది నమూనా సంఖ్యలను రెండింటిని వ్రాసి యిచ్చి, క్రొత్త బోర్డు వాటికి చెందినదని బిల్లుపై వ్రాయించుకొనవలెను.

గ్యారంటీ కార్డుపై కంప్రెసరునకు ఒక గడువు, బోర్డునకు వేరొక గడువు ఉండుట సామాన్యము. పైసా చెల్లించుటకు ముందు బోర్డు గడువును చూడవలెను. మార్చిన పాత బోర్డును అడిగి తీసికొనవచ్చును. న్యాయము జరుగలేదని తోచినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

మరమ్మతు ముగిసిన పిదప మెకానిక్కు ఉండగానే యంత్రమును కొంతసేపు నడిపి, ఉష్ణోగ్రతను 27 డిగ్రీలకు మార్చి, ఎం.సి.బి.ని దించి, అయిదు నిమిషములు ఆగి వేసి చూడవలెను. కరెంటు వచ్చినంతనే తనంతట తాను ప్రారంభమగు సౌకర్యముగల యంత్రమైనచో, రిమోటును ముట్టుకొనకయే అది 27 డిగ్రీల వద్దనే మొదలిడవలెను.