తట్టి చూచుట

గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగినవారు పనికి పూనుకొనుటకు ముందు మైనింగు సర్దారు పైకప్పును కర్రతో తట్టి చూచును. గట్టి కప్పు ఖంగుమని పలుకును. లోపల పగిలి వదులైన కప్పు బోలుకుండవలె మ్రోగును. అట్టి చప్పుడు విన్నప్పుడు సర్దారు “కప్పు బాగులేదు” అని చెప్పి ఊరకుండడు. “ఇదిగో, ఇచ్చట” అని చోటు చూపును. ఆ చోట వదులు పెళ్లను దింపుదురు, లేదా ఆధారము నిలుపుదురు.

ఒకరు వ్రాసినదానిని చదివి అభిప్రాయము చెప్పుట యెట్లో నాకు తెలియునని చాలకాలము అనుకొంటిని. ముప్పది యేండ్లకు పైగా ఎఱ్ఱసిరా కలము పట్టినవాడను గదా! తెలియదని తెలిసినది 2020వ సంవత్సరమున.

ఆ యేడు మార్చినెలలో కరోనా వ్యాధివలన బడులు మూతపడెను. సెప్టెంబరు 1వ తేదీ నుండి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ప్రసారములద్వారా పిల్లలకు పాఠములు మొదలయ్యెను. పాఠము వినుటకు అవి చాలును. పిల్లలు వ్రాసినదానిని చూచువారెవరు? అందుచేత మా వాడలోని పదునొకండుగురు పిల్లలను సెల్‌ఫోనులో ఒక బృందముగా చేర్చి వ్యాసరచన నేర్పసాగితిని. భూగర్భ గనిలోనికి సెల్‌ఫోను కొనిపోరాదు. కావున తండ్రి షిఫ్టునకు పోయినపుడే పెక్కు ఇండ్లలో ఫోను పిల్లల చేతికి వచ్చెడిది. మా తరగతి వేళలను నేను నిర్ణయింపలేదు; షిఫ్టులే నిర్ణయించెను.

ఎనిమిదవ తరగతి బాలుడొకడు “మా నాన్న” అను వ్యాసము పంపెను. తండ్రి మిక్కిలి కష్టజీవి యనియు, కార్మికుడు దేశమునకు వెన్నెముక యనియు అందు కలదు. తోటివారు వెంటనే “చాలా బాగున్నది” అనిరి. ఒకడు మాత్రము “ఇందులో ఏమియు లేదు” అని వ్రాసెను. నేనేమి చేసితిని? వ్యాసమును సరిగా చదువకయే పదునాలుగు అక్షరదోషములను ఏరి పంపితిని. ఎదుట నున్నచో ఆ బాలుని ముఖము చూచి ఒక చల్లని మాట పలికియుందును. ఫోనులో ముఖము కనబడదు. ఆ పదునాలుగు తప్పులే కనబడును. బాలుడు నాలుగు దినములు మాటాడలేదు. ఇక వ్రాయడేమో యని నాకు నిద్ర పట్టలేదు.

మన యూరి ప్రక్కగా పారు గోదావరియే దిగువకు సాగి రాజమహేంద్రవరము చేరును. అచ్చట 11వ శతాబ్దిలో నన్నయభట్టు రాజరాజనరేంద్రుని కోరికపై భారతమును తెనిగింప మొదలిడెను. ఆయనకు నారాయణభట్టు తోడయ్యెను. భారతయుద్ధములో అర్జునునకు శ్రీకృష్ణుడు తోడైనట్లు తనకాతడు తోడయ్యెనని నన్నయయే చెప్పుకొనెను. అంతేకాదు, అతడు తనకు ఇష్టుడనియు, తనతో కలిసి చదివినవాడనియు కూడ చెప్పెను. ఈ విషయమును ఎన్ని తరగతులలో బోధించితినో! తోడు నిలుచువాడు ఇష్టుడు కావలెనను మాటను మాత్రము నా చెవియే వినలేదు.

అయిదవ దినమున తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఆ బాలునకు తన గొంతుతోనే ఒక సందేశము పంపెను: “తమ్ముడూ, నీ వ్యాసము రెండుసార్లు చదివితిని. కష్టజీవి యను చోట నాకు మీ నాన్న కనబడలేదు. ఆయన ఇల్లు చేరగనే నీవు మొదట దేనిని చూతువు?”

మఱునాడు బాలుడు మరల వ్రాసి పంపెను. తండ్రి రాగానే తాను అన్నపు డబ్బాను ఎత్తి చూచునట. తేలికగా నున్నచో తండ్రి తిన్నాడన్నమాట. ఒక దినము డబ్బా బరువుగా నుండెను. ఆనాడు కప్పు చప్పుడు బాగులేదని తండ్రి షిఫ్టంతయు ఆధారములు నిలుపు పనిలోనే యుండెనట. ఆ సంగతి తండ్రి తల్లితో మెల్లగా చెప్పుచుండగా బాలుడు విన్నాడు. ఈసారి బృందములో ఎవ్వరును “చాలా బాగున్నది” అనలేదు. కొంతసేపటికి, “ఏమియు లేదు” అన్న బాలుడే “మా యింట నేనును డబ్బా ఎత్తి చూతును” అని వ్రాసెను.

బాలిక ఇంకను రెండు సూచనలు చేసెను. వెన్నెముక వాక్యమును తీసివేయుమనెను, బాలుడు తీసివేసెను. తాతగారు బొగ్గు నింపిన “తట్టా చెమ్మస్” అను మాట బయటివారికి తెలియదు, “గంప, పార” అని మార్చుమనెను. నేనును ఆమె పక్షమే వహించితిని. బాలుడు ఒప్పుకొనలేదు. “మా తాత చేతిలో ఉన్నది చెమ్మసే, సారూ” అనెను. వ్యాసము వానిది, ఆ మాట ఉండిపోయెను. ఇప్పుడు చదివినపుడు వాడు చేసినదే సరియని తోచుచున్నది.

రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన తండ్రికి బాలుడు వ్యాసమును చదివి వినిపించెనట. ఆయన చాలసేపు మాటాడలేదట. పిదప, “బిడ్డా, ఆ దినము నేను అన్నము తినలేదని నీకెట్లు తెలిసినది?” అని అడిగెనట.