స్వామ్యమా? అనుమతియా?

అంగడిలో వెలయిచ్చి ఒక గ్రంథాన్ని కొంటాం. కొంతకాలానికి ఆ అంగడి మూతపడినా గ్రంథం మన ఇంటనే ఉంటుంది. దానిని చదువవచ్చు, మిత్రునికి ఈయవచ్చు, సంతానానికి అప్పగించవచ్చు. ఇదే స్వామ్యం. అంతర్జాల విపణిలో కొన్న వీడియో గేముకు ఈ న్యాయం చాలావరకు వర్తించదు. అక్కడ మనం పొందేది వస్తువును కాదు, దానిని వాడుకొనే అనుమతిని మాత్రమే.

ఫ్రాన్సుకు చెందిన యూబీసాఫ్ట్ సంస్థ 2014లో ‘ది క్రూ’ అనే కారు పందేల ఆటను విడుదల చేసింది. ఒంటరిగా ఆడుకొనేవారికి సైతం సంస్థ సర్వర్లతో అనుసంధానం తప్పనిసరి. 2024 మార్చి 31న ఆ సర్వర్లు నిలిచిపోగా ఆటయూ ఆగిపోయింది. అలమరలో డిస్కు భద్రంగా ఉన్నవారికి కూడా అది నిరుపయోగమే అయింది.

పుస్తకాలకూ ఈ గతి తప్పలేదు. 2019లో మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఈ-పుస్తకాల విక్రయశాలను మూసివేసినప్పుడు పాఠకులు కొన్న పుస్తకాలు అదృశ్యమయ్యాయి. సంస్థ పైకం తిరిగి చెల్లించింది. పుటలలో వ్యాఖ్యలు రాసుకొన్నవారికి అదనంగా 25 డాలర్లు జమచేసింది. అయితే పోయిన వ్యాఖ్య ధనంతో తిరిగి రాదు కదా!

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుండి ఒక చట్టం అమలులోకి వచ్చింది. ఇచ్చేది అనుమతి మాత్రమే అయినప్పుడు, ఆ సంగతి స్పష్టంగా తెలుపకుండా విక్రేతలు ‘కొనండి’ అనరాదు. ఆ చట్టం ఆటలను కాపాడదు; కొనుగోలుదారు మోసపోకుండా మాత్రం చూస్తుంది. విద్యార్థులు వెల చెల్లించే ముందే షరతులను చదివి, తమకు దక్కేదేమిటో గ్రహించాలి.

ప్రశ్న: స్వామ్యానికీ అనుమతికీ గల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.